బెన్ గ్రూమా కొండకు తల ఎటు?

లాచ్‌లన్ పెటిగ్రూ పెర్త్‌లో బట్టలకొట్టు వాళ్ళింట పుట్టాడు. ఏడేళ్ళప్పుడు ఒకరోజు కొట్టు మెట్టు మీద బోర్లా పడుకుని దాన్ని నాలుకతో నాకి, "నాన్నా, ఇది మన ఊరి రాయి కాదు" అన్నాడు. తండ్రి చెవి మెలిపెట్టాడు. తరవాత వాకబు చేస్తే ఊరి రాయని చెప్పి ఎవడో పైఊరి రాయి అంటగట్టాడని తేలింది. అప్పుడు తండ్రి రెండో చెవి కూడా మెలిపెట్టాడు. రాయి అబద్ధమాడదనీ, రాయి చెప్పింది బయటపెట్టిన వాడికి మాత్రం చెవులు ఎర్రబడతాయనీ లాచ్‌లన్‌కు ఆనాడే అర్థమైంది. అయినా బుద్ధి మారలేదు.

ముప్పై ఒకటో ఏట అతను ఎడిన్‌బరోలోని ఉత్తర పర్వత సంఘంలో ఉద్యోగానికి చేరాడు. స్కాట్లండ్ కొండలన్నిటికీ పటాలు గీసి, ఎక్కడ ఏ రాయి ఉందో అక్కడ ఆ రంగు పులమడం సంఘం పని. అధ్యక్షుడు ప్రొఫెసర్ స్ట్రాకన్‌కు మోకాలు పట్టేసి ఇరవై రెండేళ్ళయింది. ఆ ఇరవై రెండేళ్ళలో ఆయన కుర్చీలోంచి లేవకుండానే నూటపద్నాలుగు కొండలకు రంగులు వేశాడు.

"బెన్ గ్రూమా ఒక్కటే మిగిలిందయ్యా పెటిగ్రూ" అన్నాడాయన. "అడుగున పాత రాయి, పైన కొత్త రాయి. రంగులు నేను వేసేశాను. నువ్వు వెళ్ళి కొండ నా పటంలో ఉన్నట్టే ఉందో లేదో చూసిరా. ఆరు వారాలు చాలు."

ఆ ఆరు వారాలు పదకొండేళ్ళయ్యాయి.

బెన్ గ్రూమా పడమటి తీరాన, ఆర్డల్ లోయ నెత్తిన ఉంటుంది. గ్రూమా అంటే అక్కడి భాషలో మొహం మాడ్చుకున్నదని అర్థం. ఏడాదిలో మూడొందల రోజులు దాని మీద వాన కురుస్తుంది, మిగతా రోజుల్లో కురవబోతూ ఉంటుంది. పెటిగ్రూ తోలుసంచీ, రెండు సుత్తులు, గొడుగు పట్టుకుని ఎఫీ మాథెసన్ ఇంట్లో దిగాడు. ఎఫీకి ముప్పై ఎనిమిదేళ్ళు. భర్త హెర్రింగ్ చేపల పడవతో పాటు సముద్రంలో కలిసిపోయి ఆరేళ్ళయింది. అప్పటి నుంచి ముందుగది అద్దెకిచ్చుకుంటోంది. దిగిన మర్నాడు పొద్దున్నే ఆమె పొయ్యిలో కాల్చే పీటు మట్టిగడ్డల బుట్టతో వాకిట్లోకి వచ్చేసరికి, కొత్త మనిషి గడప దగ్గర మోకాళ్ళ మీద వంగి ఉన్నాడు.

"ప్రార్థన చేసుకుంటున్నారా బాబూ?"

"లేదమ్మా. మీ గడప నాకుతున్నాను."

ఎఫీ బుట్ట కింద పెట్టింది. "రాత్రి పెట్టిన చేప చాలలేదా?"

"రాయి తడిస్తేనే గింజ కనిపిస్తుంది. ఇది పాత ఎర్ర ఇసుకరాయి. ఇందులో పురుగూ పుట్రా ఏదీ బతికిన జాడ లేదు. ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

"మా మావగారు కొండ నెత్తి మీంచి దొర్లించుకొచ్చారు."

"నెత్తి మీంచా? పొరపాటు పడుతున్నారు. అది అడుగున ఉండాల్సిన రాయి."

"మా మావగారికి ఈ రాయి దొర్లించడంలో రెండు వేళ్ళు పోయాయి బాబూ. ఎక్కణ్ణుంచి దొర్లించాడో ఆయనకి గుర్తుండదా? ముందు ఆ మూతి తుడుచుకోండి. జావ చల్లారిపోతోంది."

ఆ రోజే పెటిగ్రూ కొండెక్కాడు. ఎఫీ మావగారు చెప్పింది నిజమే. కొండ అడుగు భాగమంతా తెల్లరాయి. ఆ రాతిలో ఏనాటివో పురుగుల బొరియలు, గొట్టాలు గుచ్చినట్టు నిలువునా ఉన్నాయి. అంటే అది ప్రాణులు పుట్టాక పేరుకున్న కొత్త రాయి. దాని మీద, శిఖరం దాకా, ఏ ప్రాణీ లేని కాలం నాటి ఎర్రరాయి. మనవడి భుజాల మీద తాత ఎక్కి కూర్చున్నట్టుంది.

పెటిగ్రూ ప్రొఫెసర్‌కు ఉత్తరం రాశాడు. 'పటం తిరగేసి పట్టుకున్నావేమో చూసుకో' అని జవాబు వచ్చింది. ఇంకో ఏడాది కొలిచి మళ్ళీ రాశాడు. 'కొండకు ఏ పక్క నిలబడ్డావో తెలియజేయి' అని జవాబు. మూడో ఏడు రెండు రాళ్ళూ పెట్టెలో పెట్టి పంపాడు. ప్రొఫెసర్ పాత రాయి మీద 'కొత్తది' అనీ, కొత్త రాయి మీద 'పాతది' అనీ చీటీలు అంటించి తిప్పి పంపాడు. నాలుగో ఏడు పెటిగ్రూకు సహనం చచ్చిపోయింది. పటం మీద రంగులు తను చూసినట్టే వేసి, కింద పెద్దక్షరాలతో 'ఈ కొండ తలకిందులుగా ఉంది' అని రాసి సంతకం పెట్టాడు. నేల మడతపడి బోర్లా తిరిగితే తప్ప అలా జరగదని అతని నమ్మకం. జవాబుగా ఉద్యోగం పోయినట్టు కబురొచ్చింది.

"ఇప్పుడేం చేస్తారు?" అని అడిగింది ఎఫీ, ఉత్తరం చదివి.

"కొలుస్తాను."

"ఉద్యోగం పోయింది కదా?"

"కొండ పోలేదు కదమ్మా."

ఎఫీ ఉత్తరం మడిచి, "సరే, అద్దె బదులు పొద్దున్న పీటు తవ్వండి. మధ్యాహ్నం నుంచి మీ ఇష్టం వచ్చిన రాయి నాక్కోండి" అంది.

అలా మరి కొన్నేళ్ళు గడిచాయి. పెటిగ్రూ గడ్డం నెరిసింది. ఊళ్ళో అతనికి రాళ్ళాయన అనే పేరు స్థిరపడింది. ఒక శీతకాలం మధ్యాహ్నం, బళ్ళో మాట్లాడమని పాదిరీగారు అడిగితే వెళ్ళి, నల్లబల్ల మీద కొండ బొమ్మ గీసి రెండు గంటలు విడమరిచి చెప్పాడు. ఆర్డల్ జనం చర్చిలో కూర్చున్నంత బుద్ధిగా విన్నారు. చివర్లో ఎఫీ వాళ్ళన్నయ్య ఫార్కర్ మాక్రే లేచాడు. పదెకరాల కౌలు రైతు, పదహారు గొర్రెల ఆసామి, మాట పట్టుకుంటే వదలని మనిషి.

"ఒక్కటి చెప్పండి రాళ్ళాయనగారూ. మనం రోజూ చూసే ఆ నెత్తి, అది నెత్తి కాదంటారు?"

"కాదు. న్యాయంగా చూస్తే అది అడుగు."

"మరి మా గొర్రెలు కూరుకుపోయే ఈ బురదా?"

"న్యాయంగా చూస్తే, ఇదే పైభాగం."

"న్యాయంగా, అన్నారు. అందరూ విన్నారుగా?" అని ఫార్కర్ బయటికి నడిచాడు. ఇంటికి పోయి, తాత బైబిలు అట్టలో దాచిన కౌలు కాగితం తీశాడు. వందేళ్ళ కిందటి జమీందారు రాసిచ్చిన కాగితం అది. 'బెన్ గ్రూమా కింది సగం ఆర్డల్ రైతుల మేతకు, పై సగం జమీందారు వేటకు, ఎప్పటికీ' అని ఉంది. కింది సగం అంటే ఊబి, రాళ్ళకుప్పలు. పై సగంలో గొర్రె వీపు మునిగేంత పచ్చిక. ఆ పచ్చిక మేసే దుప్పులు, దాంతో తృప్తిపడక, కిందికి దిగి రైతుల ఓట్స్ చేలు కూడా మేసేవి.

అప్పటికి జమీందారు సర్ కథ్‌బర్ట్ ప్లమ్లీ. దక్షిణాన బీరు కాచి పేరు సంపాదించి, ఆర్డల్ లోయను కొండతో సహా కొనుక్కున్నాడు. వేటంటే పిచ్చి. గురి మాత్రం లేదు. తొమ్మిదేళ్ళలో రెండు దుప్పుల్ని కొట్టాడు. అందులో ఒకటి అప్పటికే చచ్చి ఉందని ఊళ్ళో అంటారు.

సోమవారం పొద్దున్న ఆర్డల్ రైతులంతా గొర్రెల్ని కొండ మీదికి తోలారు. సర్ కథ్‌బర్ట్ గుర్రమెక్కి ఎదురొచ్చాడు.

"ఏయ్! పైకి ఎక్కడికి తోలుతున్నారు?"

"పైకి కాదు దొరా, కిందికి" అన్నాడు ఫార్కర్ టోపీ తీసి. "తమరే ఇప్పుడు పైనున్నారు. బురద తమ గుర్రం మోకాళ్ళ దాకా వచ్చింది, జాగ్రత్త."

ఆ వారంలోనే దావా పడింది. పత్రికల్లో వార్త వచ్చింది. ఆర్డల్లో మాట్లాడే తీరు కూడా మారిపోయింది. కొండెక్కేవాణ్ణి 'దిగుతున్నావా?' అని పలకరించడం మొదలైంది. ముసలివాళ్ళు కొందరు, ఇన్నేళ్ళూ దిగుతున్నామనుకుంటూ ఎక్కినందుకే మోకాళ్ళు అరిగాయని తేల్చుకున్నారు. పాదిరీగారు స్వర్గం ఏ దిక్కునుందో చెప్పాల్సి వస్తుందని ఆ ఆదివారం పాపాల గురించే మాట్లాడి ఊరుకున్నాడు.

వేసవిలో ఇంగ్లండ్ నుంచి ఎనిమిది మంది పర్వతారోహకులు దిగారు. పత్రిక చదివి వచ్చారు. నడుములకు ఒకే తాడు కట్టుకుని, కొండ అడుగున ఊబిలోకి నడిచి, మోకాలి లోతు బురదలో జెండా పాతి, ఒకరితో ఒకరు చేతులు కలుపుకున్నారు. ఒకాయన గాలి పలచబడిందని కళ్ళు తిరిగి పడ్డాడు. తీరా గెలుపు సంబరమయ్యాక వాళ్ళలో పెద్దాయన, "శిఖరం చేరడంతో సరికాదు, క్షేమంగా అడుగుకు దిగాలి కదా" అన్నాడు. అందరూ తలూపి, అదే తాడుతో మూడువేల అడుగులు ఎక్కి, అక్కడ కూర్చుని టీ కాచుకున్నారు. ఇంటికెలా వెళ్ళాలో మాత్రం వాళ్ళకు తోచలేదు. సాయంత్రం ఎఫీ వెళ్ళి పిలుచుకొచ్చింది.

"ఏమిటయ్యా ఈ గోల?" అంది ఆమె పెటిగ్రూతో, వాళ్ళ మేజోళ్ళు పొయ్యి మీద ఆరేస్తూ. పదేళ్ళ కాపురం లాంటి అద్దెలో 'బాబూ' కాస్తా 'ఏమయ్యా'లోకి జారింది. "మీరు చెప్పిన దానికీ వీళ్ళు చేసే దానికీ సంబంధముందా?"

"నేను రాళ్ళ వరస గురించి చెప్పాను ఎఫీ గారూ. వీళ్ళు దారి గురించి విన్నారు."

"మరి కోర్టులో ఏం చెబుతారు?"

"నిజం."

"అయితే మా అన్నయ్యకు పచ్చిక వచ్చినట్టే" అంది ఎఫీ. కానీ మొహంలో అనుమానం పోలేదు. పెటిగ్రూకు నిజం చెప్పే అలవాటు ఎంత ముదిరిందో ఆమెకు తెలుసు.

సెప్టెంబరులో ఇన్వర్‌లార్ పట్నంలో విచారణ మొదలైంది. షెరిఫ్ జడ్జి అబర్‌క్రాంబీ పెద్దమనిషి. వేళకు భోజనం పడకపోతే ఆయనకు చట్టం గుర్తుండదు. జమీందారు తరఫున డ్రైస్‌డేల్ అనే లాయరు, సాక్షిగా ప్రొఫెసర్ స్ట్రాకన్. ప్రొఫెసర్ను నలుగురు కుర్చీతో సహా మోసుకొచ్చారు.

"కొండ ఎటు ఉండాలో అటే ఉంది" అన్నాడు ప్రొఫెసర్. "నేను రంగులు కూడా వేశాను."

"తమరు ఆ కొండను చూశారా?" అన్నాడు ఫార్కర్. అతనికి లాయరు లేడు, అక్కర్లేదన్నాడు.

"కొండను చూస్తే అభిప్రాయం చెడుతుంది."

డ్రైస్‌డేల్ లేచాడు. "ప్రభూ, ఒక టోపీని తిరగేసి పెట్టినా దాని పైన ఉన్నదే పైభాగం."

"అలా అయితే లాయరుగారూ, తిరగబడిన పడవలో అడుగే పైకప్పా?" అన్నాడు ఫార్కర్. "దాని మీద కూర్చుని చేపలు పడతారా మీరు?"

షెరిఫ్ గడియారం చూసుకున్నాడు. భోజనం వేళ దాటింది. "రేపు పొద్దున్న కోర్టు కొండ దగ్గర కూర్చుంటుంది. కొండనే అడుగుదాం" అని లేచిపోయాడు.

మర్నాడు తెల్లవారాక ఎఫీ వంటగదిలో ఓట్స్ రొట్టెలు కాలుస్తోంది. కోర్టంతటికీ తిండి ఆమే పెట్టాలి. బల్ల మీద కుడిపక్క నిన్నటి రొట్టెల దొంతర, ఎడమపక్క వేడి రొట్టెల దొంతర. వేడివి ఇంకా పెట్టడానికి చోటు చాలక, ఆమె నిన్నటి దొంతరకు అరచెయ్యి ఆన్చి ఒక్క తోపు తోసింది. పై సగం రొట్టెలు వరస చెదరకుండా జారి, వేడి రొట్టెల మీదికెక్కి కూర్చున్నాయి.

పెటిగ్రూ చేతిలో జావ చెంచా అలాగే ఆగిపోయింది.

"ఏం చేశారు ఎఫీ గారూ?"

"చోటు చేశాను."

"పాత రొట్టెలు కొత్త వాటి మీదికి వచ్చాయి."

"వస్తే? మా అన్నయ్యకు పాతవే ముందు చేతికి రావాలి. లేకపోతే వేడివన్నీ మింగేస్తాడు."

"కానీ ఒక్కటీ తిరగబడలేదు!" పెటిగ్రూ రొట్టె ఎత్తి చూశాడు. కాలిన మచ్చలున్న పక్క పైకే ఉంది. దాని కిందిదీ అంతే. "ఎఫీ గారూ, తిరగబడలేదు. జారింది!" అని, టోపీ కూడా పెట్టుకోకుండా కొండ వైపు పరిగెత్తాడు.

పదకొండేళ్ళుగా అతను ఆ ఎర్రరాతిని పక్కల నుంచి కొలిచాడు, పగలగొట్టాడు, నాకాడు. కానీ రాతిలో గడ్డకట్టిన పాత అలల గీతల్ని, వాటి మొనలు ఎటున్నాయో చూద్దామని ఎన్నడూ చూడలేదు. తిరగబడిందని ముందే నమ్మాడు కాబట్టి చూడాలని తోచలేదు. ఇప్పుడు ఒక చట్టు కింద వెల్లకిలా దూరి చూశాడు. ఏనాటిదో ఒక తీరంలో నీరు గీసిన గీతలు. రాయి తిరగబడి ఉంటే నేల వైపు ఉండాల్సిన మొనలన్నీ ఆకాశం వైపే ఉన్నాయి. అక్కడ్నుంచి పదిచోట్ల చూశాడు. అంతటా అదే. బెన్ గ్రూమా తలకిందులుగా లేదు. దాని పై సగం తూర్పు నుంచి, వరస చెదరకుండా, తెల్లరాయి మీదికి జారి వచ్చి కూర్చుంది. జారిన చోట రాయి పిండిలా నలిగి ఉంది. ఆ నలుగుడు గీతల్ని బట్టి దూరం లెక్కకట్టాడు. పది మైళ్ళు.

అతను చట్టు కిందే కాసేపు పడుకుండిపోయాడు. ఇంత గొప్ప సంగతి ఇంతవరకూ ఎవరూ చూడలేదన్న ఆనందం ఒక పక్క. ఫార్కర్ పదహారు గొర్రెలు మరో పక్క. కింద కోర్టు వస్తున్న సందడి వినిపించింది.

కోర్టు కొండ నడుముకు చేరేసరికి పదకొండయింది. షెరిఫ్ పొట్టి గుర్రం మీద, ప్రొఫెసర్ కుర్చీలో, సర్ కథ్‌బర్ట్ తుపాకీతో, ఊరంతా వెనక. లోయ అవతల స్ట్రాత్ మోయి జమీందారిణి, డెబ్బై ఎనిమిదేళ్ళ లేడీ గ్రిజెల్ కూడా వచ్చింది. ఆమెకు ఈ దావాతో పనిలేదు. కానీ ఆ చుట్టుపక్కల చూడ్డానికి అంతకంటే మంచి వినోదమూ లేదు. ఆమె చంకలో ఒంటికన్ను కుక్కపిల్ల ఉంది.

షెరిఫ్ కొండను నిటారుగా నిలబడి చూశాడు. వంగి కాళ్ళ సందులోంచి చూశాడు. "రెండు విధాలా కొండలాగే ఉంది" అని, పెటిగ్రూ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఇది తలకిందులేనా?"

పెటిగ్రూ వీపంతా మట్టి. ఫార్కర్ వైపు చూశాడు, ఎఫీ వైపు చూశాడు. చెవులు అప్పుడే ఎర్రబడుతున్నాయి.

"కాదు ప్రభూ. నేను పొరబడ్డాను. కొండ సరిగ్గానే ఉంది."

"చూశారా!" అని ప్రొఫెసర్ కుర్చీలో ఎగిరాడు. మోసేవాళ్ళు తూలారు.

"ఓరి నీ సత్యం బుగ్గయిపోను!" అన్నాడు ఫార్కర్. "పదకొండేళ్ళు మా చెల్లెలి చేతి జావ తాగావు కదయ్యా! ఇంకొక్క పూట తలకిందులుగా ఉండనిస్తే నీ సొమ్మేం పోయింది?"

"పూర్తిగా విను ఫార్కర్. ప్రభూ, కొండ సరిగ్గానే ఉంది గానీ పై సగం ఈ కొండది కాదు. పది మైళ్ళు తూర్పు నుంచి జారి వచ్చింది."

అందరూ తూర్పు వైపు చూశారు. అటు స్ట్రాత్ మోయి లోయ నీలంగా కనిపిస్తోంది.

"పది మైళ్ళంటే" అంది లేడీ గ్రిజెల్ నెమ్మదిగా, "మా దొడ్డి దగ్గరి నుంచా?"

"మీ దొడ్డికి కాస్త వెనక నుంచి అమ్మగారూ."

"అదా సంగతి! అక్కడ నేల ఎందుకంత బోడిగా ఉందా అని మా అత్తగారు చచ్చేదాకా అడిగేది." ఆమె షెరిఫ్ వైపు తిరిగింది. "జడ్జిగారూ, మా పట్టాలో ఒక మాటుంది. నా నేల నుంచి తప్పిపోయి పొరుగున తేలినది ఏదైనా, కాళ్ళున్నా లేకున్నా, నాదే. తేనెటీగల కోసం రాయించారు. కొండకు కాళ్ళు లేవు కదా?"

షెరిఫ్ తన పుస్తకం తెప్పించుకుని రాతి మీద కూర్చుని పేజీలు తిప్పాడు. తప్పిపోయిన పశువుల చట్టం తీశాడు. "పెటిగ్రూగారూ, ఇది ఎప్పుడు తప్పిపోయింది?"

"కొన్ని కోట్ల ఏళ్ళ కిందట ప్రభూ."

"కాలదోషం!" అని అరిచాడు డ్రైస్‌డేల్. "ఇరవై ఏళ్ళు దాటాక హక్కు అడక్కూడదు!"

"యజమానికి తెలిసిన రోజు నుంచి లెక్క" అంది లేడీ గ్రిజెల్. "నాకు ఇప్పుడే తెలిసింది. ఇంకా నిమిషం కాలేదు."

"అన్నాళ్ళూ అది మా దొరగారి భూమి మీద నిలబడింది!"

"నిలబడి మీ దొరగారి భూమి తడవకుండా గొడుగు పట్టింది. కృతజ్ఞత లేని మనిషి!"

సర్ కథ్‌బర్ట్‌కు ఒళ్ళు మండింది. "ముందు మీ ఆ దిక్కుమాలిన కుక్కని అవతలికి తీసుకెళ్ళండి. అది మీ చంకలోంచి దూకి నా బూటు కొరుకుతోంది!" అన్నాడు.

లేడీ గ్రిజెల్ కుక్కను ఎత్తుకుని చెవులు మూసింది. తరవాత ఆమె షెరిఫ్‌తో మాట్లాడిన గొంతు వేరు.

"జడ్జిగారూ, కొండ నాదని తేలిస్తే, దాని మీది పచ్చిక ఆర్డల్ రైతులకు ఇప్పుడే, ఇక్కడే రాసిస్తాను. ఈ మనిషి నా కొండ మీద కాలు పెట్టకూడదు."

షెరిఫ్ పుస్తకం మూసి ఎఫీ బుట్ట వైపు చూశాడు. రొట్టెల వాసన వస్తోంది. "తీర్పు" అన్నాడు. "బెన్ గ్రూమా పై సగం తప్పిపోయిన ఆస్తి. యజమానురాలు గుర్తుపట్టింది. తోలుకుపోవడం కుదరదు కనక ఉన్నచోటనే ఉంచుకోవచ్చు. కింది సగం దాని కౌలు ప్రకారం రైతులకు చెందుతుంది. అదీ ఆవిడ రాసిచ్చేదీ కలిపి వాళ్ళకు మొత్తం కొండ వస్తుంది. జమీందారుకు..." వెతికాడు. "జమీందారుకు పై సగం వచ్చి వాలకముందు అక్కడున్నదేదో అది. అంటే గాలి."

"పై సగం కింద ఉన్న గాలా?" అన్నాడు డ్రైస్‌డేల్.

"పై సగం పైన ఉన్న గాలి. ఎగిరేవి కొట్టుకోమనండి. ఇక భోజనం."

ఫార్కర్ రెండు చేతులా పెటిగ్రూను ఎత్తి గిరగిరా తిప్పాడు. తరవాత, తొందరపడి అన్న మాటకు పశ్చాత్తాపంగా, తన వంతు వేడి రొట్టె అతనికి ఇచ్చాడు. చూసినవాళ్ళకు అది చిన్న విషయం కాదని తెలుసు.

సర్ కథ్‌బర్ట్ రెండేళ్ళు లోయలోనే ఉన్నాడు. ఊబి అంచున కుర్చీ వేసుకుని, తుపాకీ ఆకాశం వైపు గురిపెట్టి, కొండపైన ఎగిరే కాకుల కోసం కాచేవాడు. ఒకటీ పడలేదు. చివరికి ఎస్టేటు అమ్ముకుని దక్షిణానికి వెళ్ళిపోయాడు. ప్రొఫెసర్ స్ట్రాకన్ ఎడిన్‌బరో చేరి ఆరునెలలు గదిలోంచి బయటికి రాలేదు. వచ్చాక, కొండలు జారతాయని తాను మొదటి నుంచీ అంటున్నానని పెద్ద పుస్తకం వేశాడు. అందులో ఎనభయ్యో పేజీ అడుగున చిన్నక్షరాలతో 'పెగ్రూ అనే వ్యక్తి కూడా ఆ ప్రాంతానికి వెళ్ళాడు' అని ఉంది. పెటిగ్రూ ఆ పేజీ చదివి, ఎఫీకి చూపించాడు.

"బాధగా ఉందా?" అని అడిగింది ఎఫీ.

"ఉంది. పేరు తప్పు రాశాడు. ఒక అక్షరం ఎగరగొట్టాడు."

"నేను సరిగ్గా రాయడం నేర్చుకుంటాలే" అంది ఎఫీ. "పెళ్ళయ్యాక సంతకానికి కావాలి కదా."

పెటిగ్రూకు ఆ మాట అర్థం కావడానికి మర్నాటి దాకా పట్టింది. అర్థమయ్యాక అతను పీటు తవ్వే పార కింద పడేసి ఇంటికి పరిగెత్తాడు. అక్టోబరులో పెళ్ళి అయింది. ఫార్కర్ కొండ నెత్తి మీది పచ్చికలో మేసిన గొర్రెను కోయించాడు.

లేడీ గ్రిజెల్ తొంభై ఒక్క ఏళ్ళు బతికింది. ఏటా జూన్‌లో కుక్కతో సహా పొట్టి గుర్రం మీద వచ్చి, కొండ ఉన్నచోటనే ఉందో, ఇంకా ఎటైనా తప్పిపోతోందో చూసుకునేది. పెటిగ్రూ తెల్లరాతిలో ఒకటి, ఎర్రరాతిలో ఒకటి కొట్టిన ఇనప మేకుల మధ్య తాడు పట్టి కొలిచి, 'కదలలేదు' అని కాగితం రాసిచ్చేవాడు. ఆమె దాన్ని మడిచి కుక్క మెడపట్టీలో పెట్టుకునేది.

ఆమె వచ్చిన ఆఖరి జూన్‌లో తాడు వేలెడు పొట్టిగా వచ్చింది. పెటిగ్రూ మూడుసార్లు కొలిచాడు. వేలెడు, తూర్పు వైపు.

"ఏమిటి పెటిగ్రూ, ఎక్కడికైనా పోతోందా?" అంది ముసలమ్మ కింద నుంచి.

"అమ్మగారూ... ఇంటివైపు ఒక వేలు జరిగినట్టుంది."

లేడీ గ్రిజెల్ కళ్ళు చెమర్చాయి. "తొందరేం లేదని చెప్పు దానికి" అంది.

ఆమె వెళ్ళాక ఎఫీ తాడు చేతిలోకి తీసుకుని పరిశీలించింది. "ఏమయ్యా, దీన్ని మొన్న బట్టలతో పాటు ఉతికాను. ముడుచుకుని ఉంటుంది."

పెటిగ్రూ ఆగిపోయి, దూరంగా పోతున్న పొట్టి గుర్రం వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఎఫీ అతని చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారికి" అంది.

అతను నోరు మూసుకుని, తాడు చుట్టి సంచీలో పెట్టుకున్నాడు. ఇద్దరూ కొండ దిగసాగారు.